కాన్పు తర్వాత రక్తస్రావం: స్కిల్ ల్యాబ్‌లో డ్రిల్ ఎలా చేయించాలి

మీరు నర్సింగ్ కాలేజీలో ట్యూటరైతే మీ స్కిల్ ల్యాబ్‌లో మానికిన్‌లు, అంటే మనిషి ఆకారంలో ఉండే శిక్షణ బొమ్మలు ఉండే ఉంటాయి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సవరించిన బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో స్కిల్ ల్యాబ్‌కు విడిగా గంటలు కూడా ఉన్నాయి. అయినా చాలా కాలేజీల్లో ఆ గంటల్లో జరిగేది డెమాన్‌స్ట్రేషన్ మాత్రమే. మేడం చేసి చూపిస్తారు, పిల్లలు చుట్టూ నిలబడి చూస్తారు, ముందు వరుసలో ఉన్న ఇద్దరు ముగ్గురు చేత్తో ముట్టుకుంటారు, రికార్డు రాసుకుంటారు. అక్కడితో అయిపోతుంది.

సిమ్యులేషన్ అంటే అది కాదు. ఒక పరిస్థితిని నిజంలా కల్పించి, విద్యార్థులే చూసి, నిర్ణయించి, చేసేలా వదిలేసి, తర్వాత అందరూ కూర్చుని జరిగినదాన్ని విడమర్చి మాట్లాడుకోవడం. దానికి ఖరీదైన మానికిన్ ఉండి తీరాలన్న రూలేమీ లేదు. సీపీఆర్ నేర్పడానికి 1960లో వచ్చిన మొదటి బొమ్మ రెససీ ఆన్‌ని తయారుచేసింది నార్వేలో పిల్లల ఆటబొమ్మలు చేసే ఆస్మండ్ లేర్డాల్. ఇన్నేళ్ల తర్వాత కూడా నేర్పేది బొమ్మ కాదు, దాని చుట్టూ మనం నడిపించే పని.

ఈ గైడ్‌లో ఒక్క డ్రిల్‌నే తీసుకుంటాను: మామూలు కాన్పైన తర్వాత తల్లికి రక్తస్రావం ఆగకపోవడం, అంటే పీపీహెచ్. పరీక్షలో పీపీహెచ్ మేనేజ్‌మెంట్ రాయమంటే మన పిల్లలు రెండు పేజీలు రాస్తారు. కానీ లేబర్ రూమ్‌లో అది జరిగినప్పుడు గట్టిగా కేకేసి సాయం పిలవడం, రక్తం కొలవడం, ఎవరేం చేయాలో పంచుకోవడం, డాక్టర్‌కి ఫోన్‌లో సరిగ్గా చెప్పడం వేరే విద్య. అది రాయడం వల్ల రాదు. పైగా అసలు తల్లి దగ్గర మొదటిసారి నేర్చుకోవాల్సిన విద్య కూడా కాదు.

ముందుగా ఒక కాగితం మీద రాసుకోండి

డ్రిల్ పెట్టేముందు, అది అయ్యేసరికి విద్యార్థికి ఏం రావాలో మూడు వాక్యాల్లో రాయండి. మూడుకి మించొద్దు. నేనైతే ఇవి రాస్తాను: రక్తస్రావాన్ని కళ్లతో అంచనా వేయకుండా కొలిచి గుర్తించాలి, గుర్తించిన నిమిషంలోపే సాయం పిలిచి, చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెట్టాలి, డాక్టర్‌కి ఫోన్‌లో వరుసగా చెప్పాలి.

కొలవడాన్ని మొదట పెట్టడానికి కారణం ఉంది. కర్ణాటకలోని బెళగావిలో, కాన్పైన తల్లి కింద పరిచే, కొలత గీతలున్న ప్లాస్టిక్ డ్రేప్‌ని రూపొందించి పరీక్షించారు. కంటి అంచనా డ్రేప్ కొలత కంటే దాదాపు మూడో వంతు తక్కువగా వస్తోందని 2006లో ప్రచురించారు. అనుభవం ఉన్నవాళ్లు కూడా తక్కువే అంచనా వేస్తారు. తర్వాత కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో ఈ-మోటివ్ అధ్యయనం జరిగింది. డ్రేప్‌తో ముందే గుర్తించి, గర్భసంచి మసాజ్, దాన్ని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్, ఐవీ ఫ్లూయిడ్స్, కాన్పు దారి పరీక్ష ఇవన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా కలిపి చేస్తే తీవ్ర రక్తస్రావం, ఆపరేషన్ దాకా వెళ్లడం, మరణం కలిపి 60 శాతం తగ్గాయని 2023లో తేలింది. మందులన్నీ పాతవే. మారిందల్లా ముందే గుర్తించడం, అన్నీ కలిపి చేయడం. డ్రిల్ నేర్పగలిగేదీ సరిగ్గా ఆ రెండే.

ఎంత రక్తం పోతే పీపీహెచ్ అనాలన్న హద్దు గురించి విద్యార్థులకు ఒక మాట చెప్పాలి. పుస్తకంలో 500 మి.లీ. అని ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన కొత్త మార్గదర్శకాల ప్రకారం 300 మి.లీ. పోయి, పల్స్‌లోనో బీపీలోనో తేడా కనిపిస్తే 500 కోసం ఎదురుచూడకుండా చికిత్స మొదలుపెట్టాలి. రక్తహీనత ఎక్కువగా ఉన్న మన దగ్గర ఇది మరీ ముఖ్యం. హిమోగ్లోబిన్ 7 ఉన్న తల్లికి 400 మి.లీ. పోవడం చిన్న విషయం కాదు.

ల్యాబ్‌లో ఉన్నవాటితోనే తల్లిని తయారుచేయండి

లేర్డాల్ గ్లోబల్ హెల్త్ వాళ్ల మామా నటాలీ లాంటి మోడల్ మీ దగ్గరుంటే మంచిదే. దాన్ని ఒక మనిషి నడుముకి కట్టుకుని తల్లిగా కూర్చుంటుంది, రక్తం పోవడాన్నీ గర్భసంచి గట్టిపడడాన్నీ తనే నడిపిస్తుంది. లేకపోతే ఆ పనే మన వస్తువులతో చేయొచ్చు.

తల్లి వేషానికి ఒక మహిళా ట్యూటర్‌నో సీనియర్ విద్యార్థినినో అడగండి. మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే. తన బట్టలపైన ప్లాస్టిక్ ఏప్రాన్, దానిపైన హాస్పిటల్ గౌను, ఆపైన దుప్పటి. ఇంత కప్పుకుంటే తనకు ఇబ్బంది ఉండదు, బట్టలూ తడవవు.

గర్భసంచికి పాత బీపీ కఫ్ తీసుకోండి. లోపలి రబ్బరు సంచిని బయటికి లాగి, గుండ్రంగా మడిచి, గుడ్డసంచిలో పెట్టి, తల్లి పొట్ట మీద బొడ్డు దగ్గర గౌను కింద కట్టండి. గాలి కొట్టే బల్బు తల్లి చేతిలో, దుప్పటి కింద ఉంటుంది. వాల్వ్ తీస్తే మెత్తగా, అంటే ముడుచుకోనట్టు; గాలి కొడితే గట్టిగా, అంటే ముడుచుకున్నట్టు. విద్యార్థి మసాజ్ సరిగ్గా చేస్తూ ఉంటే మెల్లగా గట్టిపడుతుంది, చెయ్యి తీసేస్తే మళ్లీ మెత్తబడుతుంది. మెత్తటి గర్భసంచికీ గట్టి గర్భసంచికీ తేడా చేతికి తెలియడం ఈ డ్రిల్‌లో దొరికే గొప్ప లాభం. దాన్ని ఎన్ని చార్టులు చూపించినా నేర్పలేం.

రక్తానికి ఎనిమా క్యాన్ వాడండి. ప్రతి నర్సింగ్ ల్యాబ్‌లోనూ ఉంటుంది. లీటరున్నర నీళ్లలో రెండు మూడు చెంచాల కార్న్‌ఫ్లోర్ కలిపి కాచి, చల్లారాక వంటల్లో వాడే ఎరుపు రంగు వేయండి. నలుపు ఛాయ కోసం కొద్దిగా కోకో పొడి. కుంకుమ మాత్రం వాడకండి, పరుపుకీ చర్మానికీ పట్టేస్తుంది. గడ్డల కోసం చైనా గ్రాస్‌ని అదే రంగు నీళ్లలో కాచి, గట్టిపడ్డాక చేత్తో చిదిమి పెట్టుకోండి. క్యాన్‌ని స్క్రీన్ వెనకాల స్టాండుకి తగిలించి, ట్యూబుని దుప్పటి కిందుగా తెచ్చి, తల్లి తొడల మధ్య గౌను అంచు దగ్గర టేపు వేయండి. క్లాంప్ మీ చేతిలో ఉంటుంది. క్యాన్ ఎత్తు పెంచితే ధార పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. ముందురోజే ఒకసారి నీళ్లతో నడిపి చూడండి, ఎంత ఎత్తులో నిమిషానికి ఎంత పోతుందో మెజరింగ్ జార్‌తో కొలిచి రాసుకోండి. ఈ రిహార్సల్ లేకపోతే మొదటి నిమిషంలోనే క్యాన్ ఖాళీ అయిపోయి డ్రిల్ అభాసుపాలవుతుంది.

గీతలున్న డ్రేప్ లేకపోతే పెద్ద పారదర్శక ప్లాస్టిక్ కవరులో 100 మి.లీ. చొప్పున నీళ్లు పోస్తూ మార్కర్‌తో గీతలు పెట్టుకుని, తల్లి కింద అమర్చండి. ప్యాడ్‌లూ గుడ్డలూ తూచడానికి కూరగాయలు తూచే చిన్న డిజిటల్ కాటా చాలు. తడిసిన బరువులోంచి పొడి బరువు తీసేస్తే ఒక గ్రాముకి దాదాపు ఒక మి.లీ.

ఇంజెక్షన్ తల్లి చేతికి ఎట్టి పరిస్థితుల్లోనూ పొడవకూడదు. మందపాటి ఫోమ్ ముక్కలో రబ్బరు ట్యూబు దూర్చి, కింద గట్టి అట్ట పెట్టి ఆమె ముంజేతికి కట్టండి. మెరుగైన దారి, కాన్యులా (నరంలో పెట్టే సన్నటి గొట్టం) ముందే పెట్టి ఉన్నట్టుగా టేపు వేసి, మందులన్నీ అందులోకే ఎక్కించడం. ఖాళీ ఆంపుల్స్‌కి, నీళ్ల సిరంజిలకి "శిక్షణ కోసం మాత్రమే" అని ఎర్ర అక్షరాల లేబుల్ అంటించండి. ఎన్ని తెచ్చారో లెక్క రాసి, డ్రిల్ అయ్యాక అన్నీ వెనక్కి వచ్చాయో లేదో చూడండి. ల్యాబ్ సిరంజి పొరపాటున వార్డు ట్రేలోకి వెళ్లడం చాలా ప్రమాదం. ఈ ఒక్క విషయంలో ఎంత చాదస్తంగా ఉన్నా తప్పులేదు.

కథ రాయండి, అంకెలతో సహా

కథ ఒక పేజీ దాటకూడదు. ఉదాహరణకి: లక్ష్మి, 26 ఏళ్లు, రెండో కాన్పు, పీహెచ్‌సీలో 20 నిమిషాల క్రితం మామూలు కాన్పైంది. బిడ్డ 3.4 కిలోలు. కాన్పైన నిమిషంలోపే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకి ఇచ్చారు. మాయ పూర్తిగా వచ్చింది. పల్స్ 88, బీపీ 110/70.

తర్వాత నిమిషాల వారీగా రాసుకోండి. మొదటి నిమిషంలో లక్ష్మి "కింద తడితడిగా ఉంది సిస్టర్" అంటుంది. మూడో నిమిషానికి పల్స్ 112, బీపీ 100/60, డ్రేప్‌లో 350. విద్యార్థులు ఏమీ చేయకపోతే ఆరో నిమిషానికి పల్స్ 128, బీపీ 84/50, లక్ష్మి మాటలు తడబడతాయి, దాహం అంటుంది. వరుసగా చేస్తూ పోతే పదో నిమిషానికి ధార తగ్గాలి. బీపీ కంటే ముందు పల్స్ పెరిగేలా రాయడం మరిచిపోకండి. ఆరోగ్యంగా ఉన్న వయసులో శరీరం చాలాసేపు బీపీని నిలబెట్టుకుంటుంది, పడిపోవడం మొదలైతే చాలా వేగంగా పడిపోతుంది. పల్స్ అంకె పైబీపీ అంకెను దాటితే పరిస్థితి చేయి దాటుతోందని వాళ్లే గమనించాలి.

కథలో ఒక చిక్కుముడి పెట్టండి, ఒక్కటే. నాకు నచ్చింది నిండిన మూత్రాశయం. నాలుగో నిమిషంలో లక్ష్మి "ఒంటికి వెళ్లాలనిపిస్తోంది సిస్టర్" అని గొణుగుతుంది. మూత్రాశయం నిండి ఉంటే గర్భసంచి ముడుచుకోదు. హడావిడిలో ఆ మాట ఎవరి చెవిన పడుతుందో చూడండి. మూత్రం తీసే గొట్టం, కెథెటర్ వేసేదాకా బీపీ కఫ్ మెత్తగానే ఉంచమని తల్లికి ముందే చెప్పండి.

మందుల మోతాదులు మీ పిల్లలు పోస్టింగ్‌కి వెళ్లే ఆసుపత్రి ప్రొటోకాల్ చార్టులో ఎలా ఉంటే అలాగే పెట్టండి. ల్యాబ్‌లో ఒకటి, లేబర్ రూమ్ గోడమీద ఇంకొకటి ఉంటే గందరగోళం. ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము నరానికి, పది నిమిషాలపాటు నెమ్మదిగా, కాన్పైన 3 గంటల్లోపు. దీన్ని గుచ్చి గుచ్చి అడగండి, ఎందుకంటే కంగారులో గబుక్కున తోసేస్తారు.

డ్రిల్‌కి ముందు పది నిమిషాలు

ఈ భాగాన్ని వదిలేసే వాళ్లే ఎక్కువ. మన పిల్లలు వైవాలకీ, అందరి ముందూ నిలబెట్టి అడిగే ప్రశ్నలకీ అలవాటుపడినవాళ్లు. తప్పు చేస్తే తిట్లు పడతాయన్న టెన్షన్‌తో లోపలికొస్తే ఎవరూ మొదటి అడుగు వేయరు. మేడం ముఖం చూస్తూ నిలబడతారు.

కాబట్టి నోటితో స్పష్టంగా చెప్పండి. ఈ రోజు మార్కులు లేవు. ఇక్కడ జరిగింది ఈ గది దాటి బయటికి పోదు. మీరందరూ తెలివైనవాళ్లనీ, బాగా చేయాలనే వచ్చారనీ నేను నమ్ముతున్నాను. ఇది బొమ్మ రక్తమే, కానీ నిజమనుకుని చేయండి. ఈ మాటలు చెప్పాక వాటి మీద మీరు నిలబడాలి. మర్నాడు స్టాఫ్ రూమ్‌లో "ఆ అమ్మాయికి కెథెటర్ కూడా గుర్తురాలేదు" అని ఒక్కసారి నవ్వారంటే ఆ బ్యాచ్‌కి మీరు ఇంకెప్పుడూ డ్రిల్ పెట్టలేరు.

గదిని చూపించండి. మందులు ఎక్కడ, ఫోన్ ఎక్కడ, గర్భసంచి ఎలా తగులుతుంది, డ్రేప్ మీద గీతలు ఎలా చదవాలి అన్నీ ముట్టుకుని చూడనివ్వండి. బీపీ నిజంగానే చూడాలి, కానీ అంకె మీరు చెబుతారు. "డ్రిల్ ఆపండి" అన్న మాట ఎవరన్నా సరే అందరూ ఆగిపోవాలి. తల్లి వేషంలో ఉన్నవాళ్లకి నిజంగా నొప్పి పుట్టినా అదే మాట.

ఒక్కో డ్రిల్‌కి ఐదుగురు చాలు. బ్యాచ్ అరవై మంది ఉంటే ఒకేసారి అందరికీ చేయించాలని చూడకండి, క్లినికల్ పోస్టింగ్ గ్రూపుల వారీగా విడగొట్టండి. చూసేవాళ్లకి కూడా పనివ్వండి. ఒకరు గడియారం చూస్తూ ఏది ఎప్పుడు జరిగిందో రాయాలి. ఒకరు మాటలు మాత్రమే గమనించాలి: ఎవరు ఎవరికి చెప్పారు, విన్నవాళ్లు తిరిగి పలికారా. ఒకరు తల్లిని మాత్రమే చూడాలి: ఆమెతో ఎవరైనా మాట్లాడారా.

నడుస్తున్నప్పుడు మీరు నోరు మూసుకోవాలి

ట్యూటర్‌కి ఇదే కష్టం. విద్యార్థి తడబడుతుంటే నాలుక చివర దాకా జవాబు వచ్చేస్తుంది. చెప్పకండి. పది పన్నెండు నిమిషాలు ఓపిక పట్టండి. మీరు అంకెలు చెప్పాలి, క్లాంప్ తిప్పాలి, ఫోన్ ఎత్తాలి, అంతే. మరీ చిక్కుకుపోతే కథలోంచే సాయం పంపండి. తల్లితో వచ్చిన అమ్మమ్మ వేషంలో ఒకరు తలుపు దగ్గరికి వచ్చి "ఏమైందమ్మా మా పిల్లకి, అలా పాలిపోయిందేంటి?" అని అడిగితే వాళ్ల చూపు మళ్లీ తల్లి మీదకి వస్తుంది. ఆ అమ్మమ్మకి ఎవరు ఎలా జవాబు చెబుతారో కూడా గమనించండి. మన లేబర్ రూముల బయట గొడవలు చాలావరకు ఎవరూ ఏమీ చెప్పకపోవడం వల్లే మొదలవుతాయి.

ఫోన్ దగ్గర కాసేపు ఆగుదాం. పీహెచ్‌సీలో రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్‌కి ఫోనే ఆధారం. అయినా "మేడం, లక్ష్మికి బ్లీడింగ్ ఎక్కువగా ఉంది, త్వరగా రండి" అని పెట్టేస్తారు. అవతలివాళ్లకి ఏం అర్థమవుతుంది? ఇలా చెప్పడం నేర్పండి:

"మేడం, లేబర్ రూమ్ నుంచి సిస్టర్ అనితని. లక్ష్మి, రెండో కాన్పు, కాన్పై 25 నిమిషాలైంది. 600 ఎం.ఎల్. పోయింది, ఇంకా ఆగలేదు. గర్భసంచి మెత్తగా ఉంది, మాయ మొత్తం వచ్చింది. పల్స్ 120, బీపీ 90/60. మసాజ్ చేస్తున్నాం, ఆక్సిటోసిన్ డ్రిప్ పెట్టాం, ట్రానెక్సామిక్ యాసిడ్ ఎక్కుతోంది. మీరు వెంటనే రావాలి మేడం. 108కి చెప్పి ఏరియా హాస్పిటల్‌కి పంపే ఏర్పాటు మొదలుపెట్టమంటారా?"

ఎవరు, ఏమైంది, ఇప్పుడెలా ఉంది, ఏం చేశాం, ఏం కావాలి. తెలుగులో చెప్పినా ఇంగ్లిష్‌లో చెప్పినా రెండూ కలిపినా ఫర్వాలేదు. ఇంగ్లిష్ కోసం తడుముకుంటూ పది సెకన్లు పోగొట్టుకోవడం కంటే తెలుగులో తేటగా చెప్పడం మేలు. డాక్టర్ గొంతులో మీరు కాస్త విసుగ్గా మాట్లాడండి, మధ్యలో అడ్డు తగలండి. నిజంలో అలాగే ఉంటుంది. అయినా చివరి వాక్యం దాకా వచ్చేవాళ్లే రేపు ఒక తల్లిని కాపాడతారు.

గదిలో మాట కూడా అంతే. "ఎవరైనా కాన్యులా పెట్టండి" అంటే ఎవరూ పెట్టరు. పేరు పెట్టి పిలవాలి. "రమ్యా, రెండో కాన్యులా పెట్టు." "రెండో కాన్యులా పెడుతున్నా." కాసేపటికి "రెండో కాన్యులా అయింది." ఇది ల్యాబ్‌లో వినడానికి నాటకంలా ఉన్నా, అలవాటైతే లేబర్ రూమ్‌లో తనంతట తానే నోటికొస్తుంది.

తర్వాత కూర్చుని మాట్లాడడం: అసలు పాఠం ఇక్కడే

డ్రిల్ పన్నెండు నిమిషాలైతే దీనికి కనీసం పాతిక నిమిషాలు ఉంచండి. టైం లేదని డ్రిల్‌నే కుదించండి గానీ దీన్ని కుదించొద్దు. బల్ల అవతల మీరూ ఇవతల వాళ్లూ కాకుండా కుర్చీలు గుండ్రంగా వేయండి. తల్లి వేషం వేసినవాళ్లూ అందులోనే కూర్చోవాలి.

మొదట మనసులో ఉన్నది బయటికి రానివ్వండి. "ఎలా అనిపించింది?" అని అడిగి ఊరుకోండి. "చేతులు వణికాయి మేడం" అంటారు, ఒకళ్లిద్దరికి కళ్లలో నీళ్లు కూడా రావచ్చు. ఓదార్పు ఉపన్యాసం వద్దు, వినండి చాలు. తర్వాత గడియారం చూసినవాళ్లని కాగితం చదవమనండి. రక్తం మొదలైంది 9:02కి, డ్రేప్ చూసింది 9:05కి, సాయం పిలిచింది 9:06కి. ఆ మూడు నాలుగు నిమిషాల ఖాళీ గురించి మీరు ఒక్క మాటా అనక్కర్లేదు, వాళ్లకే కనిపిస్తుంది.

ఆ తర్వాత ఒకటి రెండు విషయాలే తీసుకోండి. తప్పులన్నీ ఏకరువు పెట్టకండి. బోస్టన్‌లోని సెంటర్ ఫర్ మెడికల్ సిమ్యులేషన్ వాళ్లు ప్రచారంలోకి తెచ్చిన ఒక పద్ధతి మన దగ్గర కూడా బాగా పనిచేస్తుంది: చూసింది చెప్పు, దాని గురించి నీకేమనిపించిందో దాచకుండా చెప్పు, ఆపైన నిజంగా తెలుసుకోవాలని అడుగు. ఉదాహరణకి: "నువ్వు మసాజ్ మధ్యలో ఆపి కేస్ షీట్ రాయడం చూశాను. ఆపితే గర్భసంచి మళ్లీ మెత్తబడుతుందని నాకు కంగారేసింది. ఆ టైంలో నీ మనసులో ఏముంది?"

జవాబు "తెలియక" అని రాకపోవచ్చు. "టైం రాయకపోతే వార్డులో సిస్టర్ కోప్పడతారు మేడం, అందుకే" అని రావచ్చు. అప్పుడు మసాజ్ ఎందుకు ముఖ్యమో మళ్లీ పాఠం చెప్పడం దండగ. ఆ అమ్మాయికి అది తెలుసు. నేర్పాల్సింది రాసే పనిని ఇంకొకరికి అప్పగించడం. "ఎందుకలా చేశావ్?" అని గద్దించి ఉంటే "సారీ మేడం" తప్ప ఇంకేమీ వచ్చేది కాదు, అసలు కారణం ఎప్పటికీ తెలిసేది కాదు.

చివర్లో తల్లి వేషం వేసినవాళ్లని అడగండి. "పది నిమిషాలు నా మీద ఏడు చేతులు ఉన్నాయి, ఏం జరుగుతోందో నాకెవరూ చెప్పలేదు" అన్న మాట ఆమె నోట వస్తే విద్యార్థులు మరిచిపోరు.

అదే రోజు మళ్లీ చేయించండి

మాట్లాడుకున్న వెంటనే, అదే గ్రూపుతో, అదే కథ, రెండోసారి. పాత్రలు మార్చండి. ఈసారి ఎనిమిది నిమిషాలు చాలు. గడియారం కాగితం పక్కపక్కన పెడితే తేడా వాళ్ల కళ్లకే కనిపిస్తుంది, ఆ నమ్మకంతో ఇంటికి వెళతారు. మొదటిసారి చేసి, తప్పులు తెలుసుకుని, అక్కడితో పంపేస్తే "నాకు రాదు" అన్న భయమే మిగులుతుంది. టైం ఒక్క డ్రిల్‌కే ఉంటే, సగం మందికి చేయించినా సరే, ఆ సగానికి రెండుసార్లు చేయించమంటాను.

చేతిపని త్వరగా మరుగున పడుతుంది కాబట్టి కొన్ని వారాల తర్వాత చెప్పకుండా చిన్న డ్రిల్ పెట్టండి. ఈసారి కథ మార్చండి: గర్భసంచి గట్టిగానే ఉంది, అయినా రక్తం ఆగడం లేదు. కాన్పు దారిలో చిరుగుల కోసం చూడాలని వాళ్లకి తట్టాలి.

ల్యాబ్‌లో కుదిరాక, ఆసుపత్రి సూపరింటెండెంట్ అనుమతితో, లేబర్ రూమ్‌లోనే ఒకటి పెట్టండి, అక్కడి స్టాఫ్ నర్సులనీ ఆయమ్మలనీ కలుపుకుని. కేసు ఏదైనా వస్తే వెంటనే ఆపేయాలి. అక్కడ తేలే విషయాలు ల్యాబ్‌లో తేలవు. ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి ఫ్రిజ్‌లో ఉంటుంది, ఫ్రిజ్ తాళం డే డ్యూటీ ఇన్‌ఛార్జి దగ్గర ఉంటుంది, రాత్రి ఎవరి దగ్గరుంటుందో ఎవరికీ తెలియదు. ఇలాంటివి కనిపిస్తే ఎవరినీ తప్పుపట్టకుండా అదే రోజు ఒక కాగితం మీద రాసి, ఏది ఎవరు ఎప్పటిలోగా సరిచేస్తారో పక్కన పేరూ తేదీ వేయించి, ఇన్‌ఛార్జి సిస్టర్ చేతికి ఒక కాపీ ఇవ్వండి. వచ్చే డ్రిల్ ఆ కాగితం చదవడంతో మొదలుపెట్టండి.